మేఘగిరి మీదికి రాని కేక

విశాఖలో కొండవాలు మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఊరు కావాలి, ఊళ్లోవాళ్లు అక్కర్లేదు. ఆసుపత్రి, సినిమా హాలు, చీరల కొట్టు, చేపల బజారు అన్నీ బండి న్యూట్రల్‌లో వేస్తే దిగిపోయేంత దగ్గరలో ఉండాలి. ఆ ఊరు దగ్గినా తుమ్మినా మాత్రం పైకి వినపడకూడదు. మా మేఘగిరి కాలనీలో ఈ జబ్బు లేని ఇల్లు లేదు. నేను పళ్ల డాక్టర్ని. పైకి తళతళలాడే పళ్ల లోపల ఎంత పుచ్చు ఉంటుందో రోజూ చూసేదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

కాలనీ కొండ నడుం దగ్గర ఉంటుంది. కొండ పాదాల దగ్గర గెడ్డపేట. రెండింటికీ మధ్య రాతి మెట్లు. మా అత్తగారు సూరమ్మ, ఆవిడ చెల్లెలు పైడమ్మ పేటలోనే ఉండేవారు. పైడమ్మ పిన్నిగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టింది. అక్కే ఆవిడకి కాళ్లూ చేతులూ. ఇల్లు కట్టుకున్నాక ఇద్దర్నీ పైకి తెచ్చుకుందామని మా ఆయన ఒక్కసారి, అదీ నేను పోరగా పోరగా, వెళ్లి అడిగాడు.

"ఆ కొండ మీద ఏటుందిరా? పలకరిద్దామంటే మనిసి లేడు" అంది అత్తగారు. ఆయన మళ్లీ అడగలేదు. గండం గడిచిందనుకున్నాడు.

ఆవిడది మామూలు గొంతు కాదు. సాయంత్రం డాబా ఎక్కి ఒక్క కేక వేసిందంటే మా బాల్కనీలో పూలకుండీలు ఉలిక్కిపడేవి. "ఒరే సన్నాసీ! తిన్నావేట్రా?" మా ఆయన అసలు పేరు సన్యాసిరావు. కాలనీ బోర్డు మీద మాత్రం డాక్టర్ ఎస్. రావు. ఆ 'ఎస్' వెనక ఏముందో ఎవరికీ తెలియకూడదని ఆయన తంటాలు పడుతుంటే, రోజూ వాకింగ్ వేళకి తల్లి కొండంతా చాటింపు వేసేది. మొదట్లో ఆయన "తిన్నానమ్మా" అని తిరిగి అరిచేవాడు. తర్వాత చెయ్యి ఊపడం వరకే. ఆ తర్వాత కేక వినపడగానే లోపలికి వచ్చి టీవీ పెట్టుకునేవాడు.

పేట కేకలకి ఇంకో పని కూడా ఉండేది. కొండ పైభాగాన వాననీటికి అడ్డంగా గట్టు కట్టి కాలనీవాళ్లు ఒక కుంట చేసుకున్నారు. దాన్ని సరోవరం అనాలట. పెద్ద వాన పడితే కుంట నిండి మా క్లబ్ హౌస్‌లోకి నీళ్లొస్తాయి. అందుకని వాచ్‌మన్ అప్పన్న తూము తెరుస్తాడు. ఆ నీళ్లు గెడ్డలో, అంటే కొండవాగులో పడి, పేట మధ్య నుంచి సముద్రంలోకి పోతాయి. తూము దగ్గర నిలబడితే గెడ్డ కనపడదు, మధ్యలో బండ అడ్డం. గెడ్డ పొంగుతుంటే కింద నుంచి "మూసీండర్రా!" అని కేక వస్తుంది, అప్పన్న మూస్తాడు. తగ్గాక "వొగ్గీండి!" అని కేక వస్తుంది, మళ్లీ తెరుస్తాడు. ఎన్నో ఏళ్లుగా కుంటా మునగలేదు, పేటా మునగలేదు. ఈ ఏర్పాటు ఎవరూ తీర్మానం చేసింది కాదు, ఎవరూ రాసుకున్నదీ కాదు. కేక వేసే పని మాత్రం ఎప్పుడూ మా అత్తగారిదే. ఆ గొంతుండగా ఇంకొకరు నోరెత్తడం దండగ.

ఇక మా ఆయన సంగతి. నీళ్లలో శబ్దాలని పట్టే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాడు. తెలివైనవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అక్కడ తనని పైకి రానివ్వలేదని ఆయనకొక పుండు. ఆ పుండు మీద ఎవరు కాస్త వెన్న రాసినా వాళ్ల వెంట పోతాడు.

ఒకరోజు వంటింటికీ హాలుకీ మధ్య రెండు కర్రలు నిలబెట్టి, వెంట్రుకంత సన్నని తీగలు వరసగా బిగించి నన్ను పిలిచాడు.

"హైమా, కుక్కర్ పెట్టి ఇటు వచ్చి కూర్చో."

కూర్చున్నాను. కాకి అరుపు వినపడుతోంది, కుళాయి కారడం వినపడుతోంది. కుక్కర్ మాత్రం ఈల వెయ్యలేదు. లేచి గుమ్మం దాటితే వంటింట్లో అది చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. ఇవతలికి ఒక్క అడుగు వేస్తే ఏమీ లేదు.

"వచ్చే శబ్దానికి సరిగ్గా ఎదురు శబ్దం పుట్టిస్తుంది తీగ. రెండూ కలిసి చెల్లు. ఏ శబ్దాన్ని మింగాలో ముందు వినిపించి నేర్పాలి. నేర్పనిదాన్ని ముట్టుకోదు" అన్నాడు. చిన్నపిల్లాడిలా మెరిసిపోతూ ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఈలోగా పప్పు మాడి అడుగంటింది. కంపు ముక్కుకి తగిలేదాకా ఇద్దరికీ తెలియలేదు.

"వాసనకి కూడా ఒకటి కనిపెట్టండి" అన్నాను. ఆయన దాన్ని సలహాగా తీసుకున్నాడు.

కాలనీ సెక్రటరీ చక్రధర్‌గారు చూసి వెళ్లాక ఇక ఆపతరం కాలేదు. మేఘగిరి చుట్టూ స్తంభాలు పాతారు, తెరలా తీగలు లాగారు, కరెంటు పోయినా ఆగకుండా జనరేటర్ పెట్టారు. ఏయే శబ్దాలు మింగాలో తేల్చడానికి సమావేశాలు జరిగాయి. ఆ సమావేశాల్లో మా కాలనీ చూపించిన పట్టుదల మంచినీళ్ల కోసం చూపించినా బాగుండేది. లారీ హారన్లు, గుళ్లో మైకు, మసీదులో మైకు, పెళ్లి బ్యాండు, చావు డప్పు ఏకగ్రీవంగా పోయాయి. చేపలమ్మే నీలవేణి కేక దగ్గర చిక్కొచ్చింది. చేప కావాలి, కేక వద్దు. ఇకమీదట ఆమె గేటు బయట నిలబడి ఫోన్‌లో మెసేజ్ పెట్టాలని తీర్మానించారు. కోకిల మాత్రం ఉండాలన్నారు. పాపం కోకిలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అది ఆ ఏడు కూయనేలేదు.

చివరికి పేట కేకలు అన్న అంశం వచ్చింది. అందరూ మా ఆయన వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారట. ఆయనే లేచి, "వాటికి మంచి శాంపిల్ నేను తెస్తాను" అన్నాడట. నేను ఆ వేళ క్లినిక్‌లో ఉన్నాను. తర్వాత చక్రధర్‌గారి భార్య నాకు ఈ సంగతి మెచ్చుకోలుగా చెప్పింది.

ఆయన తెచ్చిన శాంపిల్ తల్లి గొంతు. మైకు పట్టుకుని పేటకి వెళ్లి, డాబా ఎక్కించి, "అమ్మా, నువ్వెప్పుడూ ఎలా అరుస్తావో అలా అరవు" అన్నాడు. ఎన్నాళ్లకో కొడుకు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తన గొంతు కావాలని అడిగాడు. ఆ ముసలామె పొంగిపోయింది. "నా గొంతు మిసన్లో దాస్తన్నాడు నా కొడుకు" అని పేటంతా చెప్పుకుంది. పొట్ట పట్టుకుని శక్తి కొద్దీ అరిచింది. "ఒరే సన్నాసీ" అని అరిచింది. "మూసీండర్రా" అని అరిచింది. ఆ రెండో కేక చాలా బాగా వచ్చిందని, తీగలకి అది ఒక్కటి నేర్పితే పేటలో మిగతా గొంతులన్నీ అందులోనే పడతాయని ఆయన నాతో అన్నాడు. ఆ కేక దేనికి వేస్తారో ఆయనకి తెలియదా? పుట్టింది ఆ గెడ్డ ఒడ్డున. కేకని చెవితో వినడం మానేసి గీతల్లో చూసుకుంటున్నాడు కాబట్టి ఆ మాటకి అర్థం ఉందని తోచలేదు. అప్పటికి నాకూ తోచలేదు.

"ఆవిడ రోజూ పిలుస్తుంది కదండీ" అన్నాను.

"ఫోనుంది కదా" అన్నాడు.

అలా మేఘగిరి మీద నిశ్శబ్దం దిగింది. ఊరు కాళ్ల కింద బొమ్మలా కదిలేది, చప్పుడుండేది కాదు. జనం బీపీ తగ్గిందన్నారు, నిద్ర పడుతోందన్నారు, ధ్యానం కుదురుతోందన్నారు. ఊళ్లో చుట్టాలని పిలిచి బాల్కనీలో నిలబెట్టి "విన్నారా?" అని అడిగేవారు. ఏం వినాలో తెలియక ఆ చుట్టాలు తలూపేవారు. పొద్దున్న క్లినిక్‌కి దిగేటప్పుడు తీగలు దాటగానే ఊరంతా ఒక్కసారి మీద పడేది. నాకది స్నానం చేసినట్టుండేది.

మా అత్తగారికి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది.

"ఆడి తీగలు నా గొంతుని ఆపుతాయేటమ్మా? నాను కడుపులోంచి పిలిస్తే ఆడు ఇంటాడు. పలకడం మానీసినాడంతే."

రోజూ సాయంత్రం డాబా ఎక్కి పిలిచేది. మంచం మీది నుంచి పైడమ్మ పిన్నిగారు "పలికినాడేటే?" అని అడిగేది. "ఊపినాడు సెయ్యి" అని అక్క అబద్ధం చెప్పేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తూము తెరిచే పనే పడలేదు. కార్తీకంలో వాయుగుండం వచ్చింది.

అది ఆదివారం. మా ఆయనకి క్లబ్ హౌస్‌లో సన్మానం. వాన కుండపోతగా పడుతున్నా కార్యక్రమం మానలేదు. ఊళ్లో కరెంటు పోయింది, ఫోన్ టవర్లు పడిపోయాయి. మా తీగలకి మాత్రం జనరేటర్ ఆడుతోంది. వీణ కచేరీ అయింది. చక్రధర్‌గారు మా ఆయన భుజాల మీద శాలువా కప్పి, 'నిశ్శబ్ద శిల్పి' అని బిరుదు చదివారు. ఆయన కళ్లు చెమర్చాయి. అంత చదువు చదివి ఆ ముక్కకి కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని చూసి నాకు జాలి కూడా వెయ్యలేదు.

అప్పుడు తలుపు తోసుకుని మా అత్తగారు లోపలికి వచ్చింది. ఒళ్లంతా బురద, ముడి ఊడిన జుట్టు వీపుకి అంటుకుపోయింది. కాలికి చెప్పులు లేవు. నోరు తెరిచింది. గాలి వచ్చింది గాని గొంతు రాలేదు.

కింద ఏం జరిగిందో తర్వాత పేటవాళ్లు చెప్పారు. గెడ్డ పొంగుతుంటే ఆవిడ ముందు డాబా మీది నుంచి అరిచిందట. పేటంతా ఆవిడతో కలిసి అరిచిందట. నీళ్లు ఇంట్లోకి రావడం మొదలుపెట్టాక చెల్లెల్ని బొంతతో సహా బల్ల మీదికి ఎక్కించి, "తూము మూయించి వచ్చీస్తానే, బెంగ పడకు" అని చెప్పి మెట్లు ఎక్కిందట. ఎక్కినంతసేపూ అరుస్తూనే ఎక్కిందట. తీగలు దాటే వేళకి ఆ గొంతులో ఇక ఏమీ మిగల్లేదు.

"ఎవరీవిడ? వాచ్‌మన్ ఏం చేస్తున్నాడు?" అన్నారు చక్రధర్‌గారు. కాలనీకి ఆవిడ గొంతే తెలుసు, మొహం తెలియదు. తర్వాత మా ఆయన వైపు తిరిగి మర్యాదగా అడిగారు. "రావుగారూ, మీకు తెలిసిన మనిషా?"

మా ఆయన కిందికి, శాలువా అంచు వైపు చూశాడు. ఆయన అలా చూడటం తల్లి చూసింది.

ఆవిడ ముందుకు వచ్చి శాలువా పట్టుకుని ఆయన్ని ఈడ్చింది. రెండో చేత్తో కుంట వైపు చూపిస్తూ, తూము మూసినట్టు గాలిలో చెయ్యి తిప్పింది. ఆయన ఇంకా అర్థంకానట్టే నిలబడ్డాడు. నేను లేచి వానలోకి పరిగెత్తాను. తూము దగ్గర గొడుగు కింద అప్పన్న నిశ్చింతగా నిలబడి ఉన్నాడు. తూము బార్లా తెరిచి ఉంది.

"మూసెయ్యి అప్పన్నా!"

"పేటలోంచి కేక రానేదు గదమ్మా! బాగానే పోతన్నాదనుకున్నాను" అన్నాడు. అంటూనే వాడి మొహం పాలిపోయింది. గబగబా చక్రం తిప్పడం మొదలుపెట్టాడు.

మేం మెట్లు దిగి వెళ్లేసరికి పేట జనం డాబాల మీద ఉన్నారు. మా అత్తగారి ఇంట్లో నీళ్లు గుమ్మం పైదాకా వచ్చి తగ్గుతున్నాయి. బల్ల తిరగబడి ఉంది. పైడమ్మ పిన్నిగారు తలుపు వెనక దొరికింది. మా అత్తగారు ఆవిడ తలని ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి ఊగింది. ఏ చప్పుడూ లేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి "అమ్మా, అమ్మా" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు.

కాలనీ స్పందించింది. దుప్పట్లు పంపింది, పులిహోర పొట్లాలు పంపింది. సమావేశం పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించింది. మా కాలనీకి అదో కష్టమా? తూము దగ్గర ఒక కెమెరా పెట్టి కింద గెడ్డని చూసేలా ఏర్పాటు చేద్దామన్నారు. అప్పన్నని పనిలోంచి తీసేశారు. తర్వాత చక్రధర్‌గారు గొంతు సవరించుకున్నారు.

"ఇంకొక చిన్న విషయం. కింద నుంచి ఏడుపులు వస్తున్నాయి. సహజమే, వాళ్ల బాధ వాళ్లది. కానీ ఇక్కడ హార్ట్ పేషెంట్లు ఉన్నారు. రావుగారు మన తెరకి ఏడుపు కూడా నేర్పితే..."

నిజమే, తీగలకి ఏడుపు నేర్పలేదు. ఇళ్లు పోయినవాళ్ల ఏడుపు పగలంతా కొండెక్కి వస్తోంది. నేను మా ఆయన మొహం చూశాను. లేచి ఆ తీగలన్నీ పీకేస్తానంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన లేచాడు. తల్లి గొంతుని తెర లోంచి చెరిపెయ్యడానికి ఒప్పుకుంటే ఏడుపు నేర్పుతానన్నాడు. కాలనీ పెద్దమనసుతో ఒప్పుకుంది. బేరం కుదిరింది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఆ ఏడుపులో మీ అమ్మ ఏడుపు కూడా పోతుంది. తెలుసా?"

"అమ్మ ఏడవట్లేదు, హైమా. నేను చూశాను కదా. గొంతే లేదు" అన్నాడు. లెక్క సరిచూసుకున్నవాడిలా అన్నాడు.

నేను బట్టలు సర్దుకుని పేటకి దిగాను. అరవడానికి కూడా ఆ మనిషి తగడనిపించింది. అత్తగారింట్లో బురద ఎత్తిపోసి, గోడలు కడిగి, పైడమ్మ పిన్నిగారి మంచం ఉన్నచోట నా మంచం వేసుకున్నాను. క్లినిక్ నుంచి నేరుగా అక్కడికే వచ్చేదాన్ని.

ఆయన ప్రతి సాయంత్రం బాల్కనీలో నిలబడి ఎదురుచూస్తున్నాడని పాలబ్బాయి చెప్పాడు. ఇప్పుడు ఆ గొంతుకి తీగలు అడ్డం లేవు, తల్లి పిలిస్తే వినపడుతుంది. ఆవిడ డాబా ఎక్కలేదు. చివరికి ఆయనే మెట్లు దిగి వచ్చాడు. పక్కన కూర్చుని పలకరించాడు. ఆవిడ పెదవి విప్పలేదు. గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ బుద్ధిగా వెళ్లి, నోరు తెరవమంటే తెరిచింది, పలకమంటే ఊరుకుంది. నరాలు దెబ్బతిన్నాయేమో, కాలం పడుతుందని ఆ డాక్టర్ చెప్పాడు.

మా ఆయనకి అది చాలు. బాగుచెయ్యడానికి ఏదైనా ఉందంటే ఇక ఆయనకి పట్టపగ్గాలుండవు. మెడకి చుట్టుకునే పట్టీ ఒకటి, దానికి చిన్న పెట్టె ఒకటి తయారు చేశాడు. గొంతులో నరం కదిలితే చాలు, పెట్టె ఆ మాటని తల్లి గొంతుతోనే పలుకుతుందట. గొంతు ఎక్కడిదంటే, తను పట్టుకెళ్లిన శాంపిల్ ఉంది కదా అన్నాడు. అనగలిగాడు.

నాకు మాత్రం సంగతి ఎప్పుడో తెలుసు. నేను దిగి వచ్చిన వారానికే ఆవిడకి గొంతు వచ్చింది. కొంచెం బొంగురు, కొండెక్కేంత జోరు లేదు, అంతే. పొద్దున్న నీళ్ల ట్యాంకర్ దగ్గర లైను తప్పినవాళ్లని దులిపేసేది. నా వంటకి వంకలు పెట్టేది. చెల్లెల్ని తలుచుకుని గట్టిగా ఏడ్చేది. మెట్ల మీద కొడుకు కనపడగానే నోరు మూతపడేది. ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు. పేటలో ఎవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆయన పట్టీ తెచ్చి తల్లి మెడకి కట్టాడు. పెట్టెని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఒక్క మాటమ్మా. ఏదైనా సరే. తిట్టు."

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. పెట్టె మీద దీపం వెలగలేదు. ఆయన తీగలు కదిపాడు, మళ్లీ బిగించాడు, చెవి ఆనించి విన్నాడు. "ఇంకొంచెం సరిచెయ్యాలి" అని గొణుక్కుంటూ పట్టీ విప్పి, పెట్టె చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆయన మెట్ల సగంలో ఉండగా వీధిలో నీలవేణి కవల్ల చేపల తట్టతో పోతోంది. మా అత్తగారు అరుగు మీదికి వచ్చింది.

"ఒలే నీలేణీ! ఆ కవల్లు ఎలాగిస్తన్నావే? నిన్నటివి అంటగట్టీకు!"

వీధంతా మోగింది. మెట్ల మీద ఆయన ఆగిపోయాడు. పెట్టెని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. వెనక్కి తిరుగుతాడని చూశాను. మా అత్తగారు కూడా అటే చూస్తోంది. ఆయన తిరగలేదు. ఏమీ విననట్టు మెల్లగా పైకి ఎక్కిపోయాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చాడు. పెట్టెలో లోపం దొరికిందన్నాడు.